అబ్ఖాజు వర్ణమాల, ఉచ్చారణము: శిక్షాశాస్త్రదృష్టితో నొక పరిశీలనము

నల్లసముద్రపు తూర్పుతీరమున, కాకసస్ పర్వతములకును సాగరమునకును నడుమ నున్న అబ్ఖాజియా ప్రాంతపు భాష అబ్ఖాజు. ఇది వాయవ్య కాకసస్ కుటుంబమునకు జెందినది. అబాజా, అదిగే, కబర్దియను భాషలు దీనికి సోదరభాషలు. సంస్కృతముతో గాని ద్రావిడభాషలతో గాని దీనికి బాంధవ్యము నిరూపితము కాలేదు. అయినను వర్ణోత్పత్తిని స్థానప్రయత్నములచే వివరించిన మన శిక్షాకారుల పద్ధతి ఈ భాష నేర్వగోరువారికి మిక్కిలి యుపకరించును. అక్షరమునకు సరియక్షరమును వెదకువాడు తొలిపాఠముననే చిక్కువడును. స్థానప్రయత్నముల నెఱిగినవాడు ముందునకు సాగును. ఈ విషయమును సోదాహరణముగా నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము.

అబ్ఖాజు సాహిత్యభాషకు అబ్జువా మాండలికము ఆధారము. అందు హల్లులు 58. బ్జిప్ మాండలికమున 67. మూలాచ్చులు రెండే: ఒకటి అకారము, రెండవది నాలుక నడుమ పుట్టు హ్రస్వమగు నస్పష్టాచ్చు. తెలుగున అర్థభేదమును గుణింతము మోయుచుండగా, అబ్ఖాజున ఆ భారము హల్లులపై బడినది. పెక్కు హల్లులకు మూడు రూపములు కలవు: శుద్ధము, తాలవ్యీకృతము, ఓష్ఠ్యీకృతము. నేటి లిపిలో తాలవ్యీకరణమునకు రష్యను మృదుచిహ్నమును, ఓష్ఠ్యీకరణమునకు తలక్రిందులైన రోమను 'ఈ' వంటి చిహ్నమును హల్లు వెనుక వ్రాయుదురు. 'అఝ్య' వంటి ధ్వనితో కుందేలును, 'అఝ్వ' వంటి ధ్వనితో మాటను చెప్పుదురు. ఇందలి ఝకారము మన మహాప్రాణము కాదు, శకారమునకు నాదరూపమైన ఊష్మము. 'య', 'వ' లను సంయుక్తాక్షరములుగా బలుకుట తెలుగువారు చేయు మొదటి పొరపాటు. హల్లు పలుకు క్షణముననే నాలుక తాలువువైపు లేవవలెను, లేదా పెదవులు గుండ్రముగా ముడుచుకొనవలెను. వర్ణమొక్కటే, వ్యాపారములు రెండు. అస్పష్టాచ్చు సైతము ప్రక్కనున్న హల్లు ననుసరించి, తాలవ్యసన్నిధిని ఇకారచ్ఛాయను, ఓష్ఠ్యసన్నిధిని ఉకారచ్ఛాయను బొందును.

రెండవ కష్టము స్పర్శములది. మనకు ప, ఫ, బ, భ యని నాలుగు తెగలు, వారికి మూడే. ఒకటి నాదయుక్తమగు బకారము, రెండవది ఊపిరి వెడలు ఫకారము, మూడవది మన వర్ణమాలలో లేని రుద్ధకంఠస్పర్శము. ఆధునికులు దీనిని ఎజెక్టివ్ అందురు. తైత్తిరీయ ప్రాతిశాఖ్యము కంఠము వివృతమైనపుడు శ్వాసమును, సంవృతమైనపుడు నాదమును, మధ్యస్థితియందు హకారమును జెప్పినది. రుద్ధకంఠస్పర్శమున కంఠబిలము పూర్తిగా మూసికొనును. శ్వాసమును లేదు, నాదమును లేదు. బరువెత్తునపుడు ఊపిరి బిగబట్టినట్లు కంఠమును మూసి, పెదవులను గూడ మూసి, గొంతును కొంచెము పైకి లేపి, ముందుగా పెదవులను విడిచినచో 'ప' చిటికె వేసినట్లు పలుకును. నోటి యెదుట వెలుగుచున్న దీపమునుంచి యభ్యసింపవచ్చును: ఫకారమునకు జ్వాల చలించును, రుద్ధకంఠ పకారమునకు దాదాపు నిశ్చలముగా నుండును.

ఈ భేదమును విడిచినచో అర్థము చెడును. గుఱ్ఱమునకును నోటికిని గల పదములు రెండును 'అచ' వంటివే. రెంటను చకారము మూర్ధన్యము. మొదటిదానియందు ఊపిరి వెడలును, రెండవదానియందు కంఠము మూసికొనును. తెలుగులిపిలో రెంటిని నొకే తీరున వ్రాయవలసి వచ్చును. వారి లిపిలోను ఒక చిక్కు కలదు. క, త, ప లకు సామాన్యమైన రష్యను అక్షరము రుద్ధకంఠమును సూచించును. తోక వంటి గుర్తు చేర్చినది ఊపిరి గల వర్ణమును సూచించును. చకారాదులయందు ఇది తాఱుమాఱగును: సామాన్యాక్షరము ఊపిరి గలది, తోక గలది రుద్ధకంఠము. కావున తోకను జూచి కాక, వర్గము నెఱిగి చదువవలెను.

తెలుగువారికి అనుకూలమైన యంశములును లేకపోలేదు. 'చలి', 'జడ' యనుచోట్ల మనము పలుకు దంత్యములగు ౘ, ౙ లు అబ్ఖాజున స్వతంత్రవర్ణములు. నీటిని జెప్పు పదమున మన ౙకారమునకు సన్నిహితమైన ధ్వనియే వినబడును. మూర్ధన్యమగు షకారము మన నాలుకకు గ్రొత్త కాదు. కంఠ్యముల వెనుక, చిఱునాలుక కడ బుట్టు వర్ణములను మాత్రము క్రొత్తగా నేర్వవలెను. అరబీ 'కాఫ్' స్థానమది. అబ్ఖాజున అచ్చటి స్పర్శము రుద్ధకంఠముగా మాత్రమే యుండును.

ఇన్ని వర్ణములకు లిపి కల్పించుట సులభము కాలేదు. 1862 లో పీటర్ ఉస్లార్ రష్యను లిపి నాధారముగా గొని తొలి వర్ణమాలను గూర్చెను. 1892 లో ద్మీత్రి గూలియా, కాన్‌స్తాంతిన్ మాచవరియానీలు బాలశిక్షను వెలువరించిరి. 1926 లో నికోలాయ్ మార్ విశ్లేషణాత్మక లిపిని బ్రవేశపెట్టెను. 1928 లో లాటిను లిపియు, 1938 లో జార్జియను లిపియు, 1954 లో మరల రష్యను లిపియు వచ్చినవి. 1926 లో ఏడవయేట అక్షరాభ్యాసము చేసినవాడు ముప్పదియైదేండ్లు నిండులోపల నాలుగు లిపులను జూచెను. జార్జియను భాషయందును రుద్ధకంఠవర్ణములుండుటచే, ధ్వనిదృష్ట్యా ఆ లిపి యయోగ్యము కాదు. అయినను 1945-46 లో అబ్ఖాజు పాఠశాలల బోధన జార్జియనునకు మార్పబడుటచే, ఆ లిపి జనులకు నిర్బంధచిహ్నముగా దోచినది. లిపికి శాస్త్రీయత మాత్రమే చాలదు. తండ్రి వ్రాసినది కొడుకు చదువగల్గుటయు, ఆ భాషలో బడి యుండుటయు నవసరము.

1992 అక్టోబరు మాసము ఈ కుటుంబమునకు దుర్దినములను దెచ్చెను. సోదరభాషయగు ఉబిఖ్‌ను ధారాళముగా మాటాడగల తుదివ్యక్తి తెవ్‌ఫిక్ ఎసెంచ్ ఆ నెలలోనే తుర్కియెలో మరణించెను. ఎనుబదికి పైగా హల్లులు గల యా భాష నేడు పండితుల గ్రంథములందును ధ్వనిముద్రణములందును మాత్రమే నిలిచినది. అదే నెలలో, యుద్ధసమయమున, సుఖుమీ నగరమందలి అబ్ఖాజు రాజ్యపత్రభాండారమును, భాషాసాహిత్యచరిత్రల పరిశోధనాసంస్థయు అగ్నికి ఆహుతియైనవి.

వేదము నిన్నాళ్లు చెడక నిలుచుటకు గ్రంథముకంటె గురుముఖోచ్చారణమే ముఖ్యకారణమని మన మెఱుగుదుము. అబ్ఖాజు విషయమునను అంతియే. అక్షరము గుర్తు మాత్రమే; దాని వెనుకనున్న స్థానప్రయత్నములను నోటినుండి నోటికి అందించువారున్నంతకాలము కుందేలు కుందేలుగను, మాట మాటగను నిలుచును.