మానసిక వార్డులో మన నర్సింగ్ పిల్లలు: ఎవరి అండ ఉండాలి?

బ్రిటన్‌లో కేర్ హోముల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే మనవాళ్ల ఇళ్లలో నర్సింగ్ చదివే పిల్లలున్నారు. చదువు పూర్తవ్వాలంటే 2,300 గంటల ప్రాక్టికల్ శిక్షణ కావాలి. అందులో మానసిక వార్డు వంతు వస్తే చాలామంది జంకుతారు. మిగతా చోట్ల ఇంజెక్షన్, బీపీ, డ్రెస్సింగ్ అంటూ చేతికి పని ఉంటుంది. ఇక్కడ అసలు పని మాట్లాడడం, వినడం, కనిపెట్టుకుని ఉండడం. ఒక్కోసారి రోగి అరుస్తాడు, చచ్చిపోతానంటాడు. ఆ మాట పిల్లల వెంట ఇంటిదాకా వస్తుంది.

అందుకే నియమాలున్నాయి. నర్సుల రిజిస్టర్ చూసే ఎన్‌ఎంసీ 2018లో కొత్త ప్రమాణాలు తెచ్చింది. పాత మెంటర్ పద్ధతి పోయింది. రోజూ నేర్పించేది ప్రాక్టీస్ సూపర్‌వైజర్, పని వచ్చిందో లేదో తేల్చేది ప్రాక్టీస్ అసెసర్. విద్యార్థి సిబ్బంది లెక్కలోకి రారు. మనిషి తక్కువైతే ఆ ఖాళీని విద్యార్థితో నింపకూడదు.

మొదటి రోజే అడగండి: నా సూపర్‌వైజర్ ఎవరు? వాళ్లు సెలవైతే ఎవరు? అలారం ఎక్కడుంది? ఎవరి దగ్గరికి ఒంటరిగా వెళ్లకూడదు? గొడవ జరిగితే ఇంటికెళ్లే లోపే కూర్చుని మాట్లాడాలి, ఇన్సిడెంట్ రిపోర్టు రాయాలి.

నేర్పించే నర్సుకూ అలుపుంటుంది. తన పని తగ్గించకుండా విద్యార్థిని అప్పజెబితే ఇద్దరూ నష్టపోతారు. సూపర్‌వైజర్లకు అండ ఇవ్వాలని ఆ ప్రమాణాల్లోనే ఉంది. కాబట్టి ఈ బాధ్యతలో ఉన్న మన నర్సులు రోటాలో టైం అడగండి. షిఫ్టు చివర పది నిమిషాలు "ఇవాళ ఏది కష్టమనిపించింది?" అని అడిగినా విద్యార్థికి కొండంత ధైర్యం.

స్టూడెంట్ వీసా పిల్లలు "కంప్లైంట్ చేస్తే వీసా పోతుందేమో" అని నోరు మెదపరు. వాళ్ల స్పాన్సర్ యూనివర్సిటీ, వార్డు కాదు. ఆపద గురించి చెప్పినంత మాత్రాన వీసా పోదు. ముందు యూనివర్సిటీ ట్యూటర్‌కి ఈమెయిల్ పెట్టండి, తేదీ, టైం రాయండి. ఇంగ్లండ్ ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టుల్లో ఫ్రీడమ్ టు స్పీక్ అప్ గార్డియన్ ఉంటారు, విద్యార్థులూ వెళ్లొచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. "పిచ్చాసుపత్రి డ్యూటీ" అనకండి. రోగి పేరు, కథ అడగకండి, అవి బయట చెప్పకూడదు. "నువ్వెలా ఉన్నావు, తిన్నావా, నిద్రపట్టిందా?" అనడగండి. పిల్లలు మరీ కుంగిపోతే సమారిటన్స్ నంబర్ 116 123. ఫ్రీ కాల్, రాత్రీ పగలూ పలుకుతారు.