మర్యాద మిగలాలి... అన్నం కాదు!

ఇంటికొచ్చిన అతిథి కంచంలో మెతుకు మిగల్చకుండా తింటే మీకెంత తృప్తి! 'అమ్మయ్య, వంట కుదిరింది' అనుకుంటారు. చైనాలో పాత మర్యాద ఇందుకు తిరకాసు. బల్లమీద గిన్నెలన్నీ ఖాళీ అయిపోతే, పెట్టింది చాలలేదేమోనని ఇంటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. కాస్త మిగిలితేనే పరువు దక్కినట్టు!

విడ్డూరమే. కానీ పేదరికం రోజుల్లో దీనివల్ల పెద్ద నష్టం లేదు. 1959-61 మధ్య కరువుకు కోట్లమందిని పోగొట్టుకున్న దేశంలో నిండు విందు ఎన్నాళ్లకోసారి! 1978లో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాక జీతాలు పెరిగాయి, హోటళ్లు వెలిశాయి. పండక్కి చేసే మర్యాద రోజువారీ ఆర్భాటమైంది. ఒకప్పుడు గొప్పింటివారికే దొరికే సొరచేప రెక్కల సూప్ మధ్యతరగతి పెళ్లిళ్లకూ వచ్చింది. ఆ మోజుకు సముద్రంలో సొరచేపలు బలయ్యాయి.

తిని పారేసే చెక్కపుల్లల సంగతీ అంతే. ఏటా 4,500 కోట్ల జతలని ఒక అంచనా! 2006 ఏప్రిల్ నుంచి వాటిమీద 5 శాతం పన్ను వేశారు. అడవులు నరికితే ఏమవుతుందో అంతకుముందే, 1998లో, యాంగ్జీ నది వరదలు నేర్పాయి. ఆ తర్వాతే నది ఎగువన సహజమైన అడవులు నరకడం మాన్పించారు.

అలాగని తప్పంతా సంస్కృతిదేనా? కాదు సుమా! ప్రతి గింజ వెనకా రైతు చెమట వుందని చెప్పే లీ షెన్ పద్యం అక్కడి పిల్లలకు కంఠతా వస్తుంది. అది వెయ్యేళ్లు దాటిన పద్యం. పొదుపూ, ఆర్భాటమూ రెండూ ఆ ఇంటివే. డబ్బొచ్చినప్పుడు దేన్ని నెత్తిన పెట్టుకున్నారన్నదే ప్రశ్న.

గాలి మళ్లీ మారుతోంది. బాస్కెట్‌బాల్ ఆటగాడు యావో మింగ్ సొరచేప సూప్ ముట్టనని 2006లో ప్రకటించాడు. 2013 చివర్లో ప్రభుత్వ విందుల్లో దాన్ని నిషేధించారు. 'ఖాళీ కంచం' ఉద్యమం మొదలైందీ ఆ ఏడాదే. 2020లో వూహాన్ హోటళ్ల సంఘం పదిమంది వస్తే తొమ్మిది రకాలే తెప్పించుకోమంది. 2021లో ఏకంగా చట్టమే వచ్చింది. అవసరానికి మించి ఆర్డర్ చేయించే హోటళ్లకు 10,000 యువాన్ల దాకా జరిమానా!

అన్నం పారేస్తే దాన్ని పండించిన నీళ్లూ, ఎరువూ, వండిన ఇంధనమూ పారేసినట్టే. కొసరి కొసరి వడ్డించడం మనకూ మర్యాదే కదా! ఈసారి చుట్టాలొస్తే గరిటె చిన్నది తీయండి. మారు అడిగితే ఆప్యాయంగా వడ్డించండి. మర్యాదకు లోటుండదు, చెత్తబుట్టకు పనుండదు!