ఎంఆర్ఐ రిపోర్టులో ‘ఎఫ్‌ఏ తగ్గింది’ అని ఉందా? కంగారు పడే ముందు ఇది చదవండి

మెదడుకు ఎంఆర్ఐ తీయించారు. రిపోర్టులో ‘డీటీఐ’ అనే భాగంలో ‘ఎఫ్‌ఏ తగ్గింది’ అని రాశారు. అంటే నరాలు పాడైపోయినట్టేనా? ఆ ఒక్క అంకెతో అలా తేల్చలేం. ఎందుకో చూద్దాం.

ఎఫ్‌ఏ అంటే ఏమిటి?

మెదడులో నీటి అణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. నరాల పోగుల వెంట సులువుగా, వాటికి అడ్డంగా కష్టంగా వెళ్తాయి. ఈ తేడా పేరు అనైసోట్రోపీ. దానికి 0 నుంచి 1 వరకు వేసే మార్కే ఎఫ్‌ఏ. నీరు అన్ని వైపులా ఒకేలా కదిలితే 0. దాదాపు ఒకే దారిలో కదిలితే 1కి దగ్గరగా వస్తుంది. 1994లో పీటర్ బాసర్ బృందం ప్రచురించిన డీటీఐ పద్ధతి దీనికి ఆధారం.

చిక్కు ఎక్కడుంది?

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో జిన్నింగ్ మిల్లు చూసే ఉంటారు. అక్కడి దూది కుప్పలో పోగులకు ఒక వరస ఉండదు. కానీ ఏ పోగు తీసి చూసినా సన్నగా, పొడవుగానే ఉంటుంది. అదే దూదిని నూలు వడికితే పోగులన్నీ ఒకే వైపుకు తిరుగుతాయి.

ఎఫ్‌ఏ నూలుకు ఎక్కువ, కుప్పకు తక్కువ మార్కు వేస్తుంది. ఒక్కో పోగు ఎలా ఉందో చెప్పదు. స్కాన్‌లో ఒక చుక్క సుమారు 2 మిల్లీమీటర్లు. అందులో వేల పోగులుంటాయి. అవి ఒకదాన్నొకటి దాటే చోట, అన్నీ ఆరోగ్యంగా ఉన్నా ఎఫ్‌ఏ తగ్గుతుంది. అలాంటి చోట ఒక వరస దెబ్బతింటే ఎఫ్‌ఏ పెరగనూ వచ్చు.

కొత్త పద్ధతి ఏం చేస్తుంది?

ఒక్కో పోగు స్థాయిలో ఉండే తేడాను ‘మైక్రోస్కోపిక్ అనైసోట్రోపీ’ అంటారు. దీనికోసం స్కాన్‌ను రెండు రకాలుగా తీస్తారు. మొదట నీటి కదలికను ఒక్కో దిక్కులో విడివిడిగా కొలుస్తారు. తర్వాత అన్ని దిక్కుల్లోనూ ఒకేసారి కొలుస్తారు. రెండు సిగ్నళ్ల తేడాను బట్టి పోగుల అమరిక ఎలా ఉన్నా, ఒక్కో పోగు సంగతి అంచనా వేస్తారు. ఇది ఇంకా ఎక్కువగా పరిశోధనలకే పరిమితం. రోజువారీ పరీక్షల్లో అడిగితే దొరికేది కాదు.

మీరేం చేయాలి?

రిపోర్టుతో పాటు చిత్రాల సీడీ కూడా అడిగి తీసుకోండి. రెండూ న్యూరాలజీ డాక్టరుకు చూపించండి. “ఎఫ్‌ఏ తగ్గిన చోట నరాల దారులు దాటుకుంటాయా? నా లక్షణాలతో ఇది సరిపోతోందా?” అని అడగండి. ఒంట్లో పేస్‌మేకర్, క్లిప్పుల వంటివి ఉంటే స్కాన్‌కు ముందే చెప్పండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా 4.5 గంటల్లోపే ఇవ్వాలి.