లారీ ఇంజనుకు ఏ నూనె పోయవలెను?

ఉప్పల్ నుండి వరంగల్ పోయే రహదారి వెంట, నాచారం పారిశ్రామికవాడలోని వీధులలోను లారీలను బాగుచేసే షెడ్లు, విడిభాగాల దుకాణాలు ఉన్నవి. దుకాణంలో ఇంజను నూనె డబ్బాలు వరుసగా పేర్చి ఉంటవి. ఒకదానిపై "15డబ్ల్యు-40" అని, మరొకదానిపై "5డబ్ల్యు-30" అని, కొన్నింటిపై "సింథటిక్" అని పెద్ద అక్షరాలతోను, "సి.ఐ.-4", "సి.కె.-4" అని చిన్న అక్షరాలతోను వ్రాసి ఉంటుంది. లారీ యజమాని సాధారణంగా ధర చూచిగాని, మేస్త్రీ మాట వినిగాని ఒక డబ్బా కొంటాడు. నూనె ధరలలోని తేడా వందల రూపాయలలో తేలిపోతుంది. తప్పు నూనె వలన ఇంజను చెడినచో ఖర్చు లక్షలలోకి పోతుంది. కాబట్టి ఆ అంకెలకు, అక్షరాలకు అర్థమేమో తెలుసుకొనుట మంచిది.

కందెన తెలుగువారికి కొత్తది కాదు. ఎడ్లబండి ఇరుసుకు పూర్వం ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి పూసేవారు. పూయకపోతే చక్రం కీచుమనేది, ఇరుసు అరిగేది. ఇరుసుకు, చక్రపు కుండకు నడుమ జిడ్డుపొర ఒకటి నిలిచి ఒరిపిడిని తగ్గిస్తుందని అందరికీ తెలుసు. కాని ఆ పొర అంత బరువును ఎట్లు మోయగలుగుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానం 1883 వరకు సరిగా దొరకలేదు.

ఆ సంవత్సరం ఇంగ్లండులో బోషాం టవర్ అనే ఇంజనీరు రైలుబండి ఇరుసుల బేరింగులపై ప్రయోగాలు చేసినాడు. తిరిగే ఇరుసు అడుగుభాగం నూనెలో మునిగి ఉండగా, పైనుండి ఇత్తడి బేరింగు దానిపై బరువుతో కూర్చున్నది. నూనె పోయటానికని బేరింగు నడినెత్తిన అతడు ఒక రంధ్రం తొలిచినాడు. ఇరుసు తిరగగానే నూనె రంధ్రంలోనికి పోవుటకు బదులు రంధ్రం నుండి పైకి పొంగినది! కార్కు బిరడా బిగించగా అది ఊడివచ్చినది. కొయ్య బిరడా పెట్టినా నిలువలేదు. చివరకు పీడనమాపకం అమర్చి చూడగా ముల్లు చదరపు అంగుళానికి 200 పౌనులు దాటినది. బేరింగుపై సగటు భారమో, అందులో సగమే. తిరుగుతున్న ఇరుసు తన వెంట నూనెను ఇరుకు సందులోనికి ఈడ్చుకొని పోవుటచేత ఈ పీడనం పుడుతున్నది. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణితరూపం ఇచ్చినాడు. అనగా ఇంజను తిరిగేటప్పుడు క్రాంకుషాఫ్టు లోహంపై గాక నూనెపై తేలుతున్నది. ఆ పొర మందం కొన్ని మైక్రానులు మాత్రమే. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రానులు.

పొర నిలుచుటకు కావలసిన ముఖ్యగుణం స్నిగ్ధత, అనగా ప్రవాహానికి ద్రవం చూపే నిరోధం. తేనెకు స్నిగ్ధత ఎక్కువ, నీటికి తక్కువ. నూనె మరీ పలుచనైతే పొర తెగి లోహం లోహాన్ని ఒరుస్తుంది. మరీ చిక్కనైతే దానిని కదిలించుటకే ఇంజను శక్తి కొంత వ్యర్థమవుతుంది. చిక్కేమనగా, వేడితో స్నిగ్ధత విపరీతంగా పడిపోతుంది. లారీలలో ఎక్కువగా వాడే 15డబ్ల్యు-40 నూనెకు 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద స్నిగ్ధత సుమారు 105 సెంటీస్టోకులుంటే, 100 డిగ్రీల వద్ద సుమారు 14 మాత్రమే.

డబ్బాపై ఉన్న రెండు అంకెల రహస్యం ఇక్కడే ఉన్నది. అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం (ఎస్.ఎ.ఇ.) 1911లో ప్రారంభించిన వర్గీకరణ, ఎన్నో సవరణలతో నేటికీ వాడుకలో ఉన్నది. రెండవ అంకె వేడి నూనెకు సంబంధించినది. 40 అంటే 100 డిగ్రీల వద్ద స్నిగ్ధత 12.5కు తగ్గక 16.3కు లోపల ఉండవలెను. 30 అయితే 9.3 నుండి 12.5 లోపల. మొదటి అంకె ప్రక్కనున్న "డబ్ల్యు" శీతకాలపు గుర్తు. 15డబ్ల్యు నూనె సున్నాకు దిగువ 20 డిగ్రీల వద్ద, 5డబ్ల్యు నూనె సున్నాకు దిగువ 30 డిగ్రీల వద్ద, ఇంజను తిరగటానికి అడ్డుపడేటంత గట్టిపడరాదు. ఈ అంకెలు ఉష్ణోగ్రతలు కావు, తరగతుల పేర్లు మాత్రమే. చాలమంది పొరబడేది ఇక్కడే.

హైదరాబాదులో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 1946 జనవరిలోని 6.1 డిగ్రీలు. గరిష్ఠం 1966 జూన్‌లోని 45.5 డిగ్రీలు. కాబట్టి ఉప్పల్ లారీకి 5డబ్ల్యు నూనె తప్పనిసరి అని చెప్పుటకు చలి కారణం కాజాలదు. ఆపిల్ పండ్ల కొరకు కాశ్మీరం పోయి వచ్చే లారీకి సైతం సాధారణంగా 15డబ్ల్యు చాలును. శీతకాలంలో లదాఖ్ కొండలెక్కే లారీ మాట వేరు. ఇక "మనది వేడి దేశం గనుక చిక్కని నూనె పోయవలెను" అనే వాదం కూడా అంత గట్టిది కాదు. బయట 25 డిగ్రీలున్నా 43 డిగ్రీలున్నా, థర్మోస్టాటు ఇంజను నీటిని 80-90 డిగ్రీల ప్రాంతంలో నిలుపుతుంది. లోపలి నూనె సుమారు 100 డిగ్రీల వద్దనే పనిచేస్తుంది. ముషలకపు వలయాల వద్ద ఉష్ణోగ్రత ఇంకా చాల ఎక్కువ. మే నెల ఎండ దానికి కలిపేది స్వల్పం.

అయితే సింథటిక్ నూనె గొప్పతనం ఎందులో ఉన్నది? ముడిచమురు నుండి వచ్చే ఖనిజ నూనెలో అణువులు అనేక రకాలు. కొన్ని పొడుగు గొలుసులు, కొన్ని కొమ్మలు గలవి, కొన్ని వలయాలు. పొడుగు గొలుసులు చలిలో మైనంగా పేరుకొంటవి. చిన్నవి వేడికి ఆవిరై పోతవి. కొన్ని త్వరగా ఆమ్లజనితో కలిసి జిగురుగా మారుతవి. సంశ్లిష్ట నూనెలో అణువులను కావలసిన ఆకారంలో కట్టి తయారుచేస్తారు. పది కర్బన పరమాణువులు గల డెసీను అణువులను మూడు నాలుగు చొప్పున కలిపి, ఉదజనితో సంతృప్తం చేస్తే పాలీ ఆల్ఫా ఓలిఫిన్ అనే నూనె వస్తుంది. అందులోని అణువులు ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండుటచేత అది చలిలో గడ్డకట్టదు, వేడికి త్వరగా ఆవిరికాదు, చాలకాలం చెడదు. డెసీనును ఇథిలీను నుండి చేస్తారు, ఇథిలీను వచ్చేది ఎక్కువగా పెట్రోలియం నుండే. కాబట్టి "సింథటిక్ అంటే పెట్రోలియంతో సంబంధం లేనిది" అనుట సరికాదు. పైగా ఖనిజ నూనెను అధిక పీడనం వద్ద ఉదజనితో శుద్ధిచేసి అణువుల రూపం మార్చిన మూడవ వర్గపు నూనెను కూడా సింథటిక్ పేరుతోనే అమ్ముతున్నారు. అమెరికాలో దీనిపై రెండు పెద్ద కంపెనీల నడుమ తగవు నడిచి, 1999లో అట్లు అమ్మవచ్చునని తీర్పు వచ్చినది. తీర్పు ఎట్లున్నా, ఆ నూనె కూడ మంచిదే.

సంశ్లిష్ట కందెనలలో ఎస్టరులు మరొక జాతి. ఇక్కడ మళ్లీ ఆముదం ఎదురవుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల రోటరీ ఇంజనులకు ఆముదమే కందెన. కాస్ట్రాల్ అనే పేరుకు మూలం ఆముదపు ఇంగ్లీషు పేరే. ఆముదాన్ని వేడితో విడగొడితే వచ్చే ఒక ఆమ్లం నుండి కందెన ఎస్టరులు చేయవచ్చునని నాచారానికి పొరుగున తార్నాకలో ఉన్న భారత రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించి చూపినారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టపొలాలలో పండే పంటకు ఇది ఆశ కలిగించే వార్త.

ఇంత చెప్పినా, లారీకి నూనె ఎన్నుకొనుటలో "సింథటిక్" అనే పెద్ద అక్షరాలకంటె ఎ.పి.ఐ. గుర్తు అనే చిన్న అక్షరాలే ముఖ్యం. డీజిలు మండినప్పుడు మసి పుడుతుంది. డీజిలులోని గంధకం ఆమ్లంగా మారుతుంది. మసిని గుంపు కట్టనీయక విడివిడిగా తేల్చి ఉంచే పదార్థాలు, ఆమ్లాన్ని చంపే కాల్షియం, మెగ్నీషియం క్షారాలు, అరుగుదలను ఆపే జింకు సమ్మేళనం మొదలైనవి నూనెలో కలుపుతారు. ఈ కూర్పు ఎట్టి పరీక్షలకు నిలిచినదో ఎ.పి.ఐ. గుర్తు చెబుతుంది. సి.హెచ్.-4 1998లో, సి.ఐ.-4 2002లో, సి.జె.-4 2006లో, సి.కె.-4 2016లో వచ్చినవి.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజి 6 నియమాలు అమలైనవి. డీజిలులో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లకు తగ్గినది. లారీల పొగగొట్టంలో మసిని పట్టే వడపోత చేరినది. ఈ వడపోతలో నిలిచిన మసిని సుమారు 600 డిగ్రీల వేడితో కాల్చివేయవచ్చును. కర్బనం వాయువై పోతుంది. కాని నూనె కొద్దికొద్దిగా మండినప్పుడు అందులోని కాల్షియం, జింకు బూడిదగా మిగులుతవి. బూడిద ఇక కాలదు. అది వడపోత సన్నని రంధ్రాలను పూడ్చివేస్తుంది. అందుచేతనే సి.జె.-4, సి.కె.-4 నూనెలలో సల్ఫేటు బూడిద ఒక శాతానికి మించరాదని నియమం. స్టేజి 6 లారీలో పాత అలవాటుచొప్పున సి.ఐ.-4 పోస్తే ఇంజను అప్పటికి హాయిగానే నడుస్తుంది. పొగగొట్టంలోని ఖరీదైన వడపోత మాత్రం ముందుగా మూసుకొనిపోతుంది. అది సింథటిక్ సి.ఐ.-4 అయినా ఫలితం ఇంతే.

పాత లారీకి తయారీదారు పుస్తకం చెప్పిన ఎ.పి.ఐ. గుర్తుగల మంచి ఖనిజ 15డబ్ల్యు-40 నూనె, వేళకు మార్చితే, నిక్షేపంగా సరిపోతుంది. కొత్త లారీకి పుస్తకం పలుచని నూనె అడిగితే, అదే పోయవలెను. అట్టి నూనెలు ఎక్కువగా సంశ్లిష్టాలు లేదా మిశ్రమాలు. ఎఫ్.ఎ.-4 అనే గుర్తుగల మరీ పలుచని రకాన్ని మాత్రం, పుస్తకం అనుమతించనిదే ముట్టరాదు.

ఖర్చు లెక్క ఇట్లు వేయవచ్చును. సంశ్లిష్ట నూనె ధర ఖనిజ నూనెకు రెండున్నర రెట్లనుకొందము. ఖనిజ నూనెను 20,000 కిలోమీటర్లకు మార్చేచోట ఇది 50,000 నడిస్తేనే సరికి సరి. తయారీదారు అంతదూరం అనుమతించకపోతే నూనెధరలో నష్టమే. కాని డీజిలు లెక్క కూడ చూడవలెను. ఏటా లక్ష కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 4 కిలోమీటర్లిచ్చే లారీకి 25,000 లీటర్ల డీజిలు కావలెను. పలుచని నూనె వలన ఒక శాతం ఆదా అయినా 250 లీటర్లు మిగులును. దూరప్రయాణపు లారీకి ఇది చిన్నమొత్తం కాదు. నాచారం కర్మాగారాల గేట్ల ముందు ఇంజను ఆపకుండ గంటల తరబడి నిలిచే లారీకి ఈ లెక్క వర్తించదు. అక్కడ మీటరు తిరగదు, నూనె మాత్రం మసిపట్టుతూనే ఉంటుంది. అట్టి బండికి కిలోమీటర్లను గాక నడిచిన గంటలను లెక్కించుట న్యాయం.

నూనె నల్లబడితే చెడిపోయినదని అనుకొంటారు. డీజిలు ఇంజనులో కొత్తనూనె కొద్దిరోజులకే నల్లబడుతుంది. మసిని తనలో తేల్చి ఉంచుకొన్నదనుటకు అది గుర్తు. అసలు స్థితి తెలియవలెనంటే ప్రయోగశాలలో స్నిగ్ధత, మిగిలిన క్షారం, ఇనుపరజను కొలువవలెను. తీసిన నూనెను కాలువలో పోయరాదు. ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు దూరాన లేవు. 2016 నియమాల ప్రకారం దానిని అనుమతి పొందిన శుద్ధిదారునికే ఇవ్వవలెను.

స్నిగ్ధతను పాఠశాలలోనే పరీక్షించవచ్చును. రెండు పొడుగాటి పరీక్షనాళికలలో ఒకే ఎత్తుకు ఇంజను నూనె పోసి, ఒకదానిని గది ఉష్ణోగ్రతలో ఉంచి, రెండవదానిని వేడినీటిలో పది నిమిషాలు నిలుపవలెను. సైకిలు బేరింగులోని చిన్న ఉక్కుగుండును ఒక్కొక్కదానిలో వదలి, అది అడుగు చేరే కాలాన్ని గడియారంతో చూడవలెను. తరువాత ఖనిజ 15డబ్ల్యు-40తోను, సంశ్లిష్ట 5డబ్ల్యు-40తోను ఇదే పని చేసి, చల్లని, వేడి కాలాల నిష్పత్తులను పోల్చితే, రెండవదానిలో నిష్పత్తి తక్కువగా వస్తుంది.