అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు ఏ బీమా తీసుకోవాలి? ప్రీమియం కంటే ముందు చూడాల్సినవి

కూతురి పురుడుకో, మనవడి పుట్టినరోజుకో అమెరికా వెళ్లే తల్లిదండ్రుల ఇంట్లో నెల ముందు నుంచే హడావుడి మొదలవుతుంది. ఆవకాయ కారకుండా ప్యాకింగ్, ఆరు నెలలకు సరిపడా బీపీ, షుగర్ మాత్రలు, చలికోట్లు... అన్నీ జాబితా ప్రకారం సర్దుతారు. బీమా మాత్రం చాలామందికి చివరి వారంలో గుర్తొస్తుంది. టికెట్ కొనేటప్పుడు వెబ్‌సైట్ అడిగిన చోట టిక్ పెట్టేసి, 'ఇన్సూరెన్స్ కూడా అయిపోయింది' అనుకుంటారు.

విజిటర్ వీసా మీద వెళ్లేవారికి ఆరోగ్య బీమా ఉండాలని అమెరికా చట్టం తప్పనిసరి చేయలేదు. అందుకే ఈ నిర్లక్ష్యం. యూరప్‌లో పరిస్థితి వేరు. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాల్సిందే. కానీ వైద్యం మరింత ఖరీదైనది, వీసా అధికారి బీమా అడగనిది అమెరికాలోనే.

అక్కడ ఎమర్జెన్సీకి వెళితే డబ్బు లేదని వెనక్కి పంపరు. 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం రోగిని పరీక్షించి, పరిస్థితి నిలకడగా ఉండేలా చికిత్స చేయాలి. అయితే అది ఉచితం కాదు. బిల్లు తర్వాత ఇంటికి వస్తుంది. ఇక్కడి ఆరోగ్యశ్రీ, రిటైర్డ్ ఉద్యోగుల హెల్త్ కార్డులు అక్కడ పనికిరావు. పిల్లలకు కంపెనీ ఇచ్చే బీమాలో కూడా సాధారణంగా తల్లిదండ్రులను చేర్చడం కుదరదు.

రెండు రకాల పాలసీలు

విజిటర్ బీమాలో ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ఫిక్స్‌డ్ బెనిఫిట్. గదికి రోజుకు ఇంత, సర్జన్‌కు ఇంత, అంబులెన్స్‌కు ఇంత అని ముందే పట్టిక ఉంటుంది. అసలు బిల్లు ఎంతైనా ఇచ్చేది పట్టికలోని మొత్తమే. రెండోది కాంప్రహెన్సివ్. ఇందులో డిడక్టబుల్, అంటే మొదట మన జేబులోంచి పెట్టుకునే మొత్తం పోగా, మిగతా బిల్లులో ఎక్కువ భాగాన్ని పాలసీ గరిష్ఠ పరిమితి వరకు కంపెనీ భరిస్తుంది.

తేడా అర్థం కావడానికి ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. బిల్లు 40,000 డాలర్లు వచ్చిందనుకోండి. ఫిక్స్‌డ్ పాలసీలో మూడు రోజుల గదికి రోజుకు 2,000 చొప్పున 6,000, సర్జన్‌కు 4,000, మత్తు డాక్టర్‌కు 1,000 అని ఉంటే వచ్చేది 11,000 డాలర్లు. మిగతా 29,000 కుటుంబమే కట్టాలి. అదే కాంప్రహెన్సివ్‌లో డిడక్టబుల్ 500, ఆ తర్వాతి 5,000లో 80 శాతం కంపెనీ వాటా, ఆపైన 100 శాతం అనే నిబంధన ఉంటే మనం కట్టేది 500, దానిపై మరో 1,000. మొత్తం 1,500 డాలర్లు.

రెండు పాలసీల మీదా '1,00,000 డాలర్ల కవరేజీ' అనే ఉండొచ్చు. తక్కువ ప్రీమియం చూసి మొదటిది కొన్నవారికి ఈ తేడా బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

పాత జబ్బుల మెలిక

అరవై దాటినవారిలో బీపీ, షుగర్, థైరాయిడ్ లేనివారు అరుదు. అసలు చిక్కు ఇక్కడే. చాలా పాలసీలు ముందు నుంచీ ఉన్న జబ్బులను మినహాయిస్తాయి. కొన్ని మాత్రం 'అక్యూట్ ఆన్‌సెట్' కవరేజీ ఇస్తామంటాయి. దీన్ని 'పాత జబ్బులన్నీ కవర్ అవుతాయి' అని అర్థం చేసుకుంటే పొరపాటే.

పాత జబ్బు ఏ ముందస్తు లక్షణాలూ లేకుండా అకస్మాత్తుగా తిరగబడి, వెంటనే చికిత్స అవసరమైతేనే ఇది వర్తిస్తుంది. సాధారణంగా 24 గంటల్లోపు వైద్యం మొదలవ్వాలి. హఠాత్తుగా గుండెపోటు వస్తే ఈ నిర్వచనంలోకి రావచ్చు. వారం రోజులుగా ఆయాసపడుతూ, 'ఇండియా వెళ్లాక చూపించుకుందాంలే' అని ఓర్చుకుని చివరికి ఆసుపత్రిలో చేరితే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంటుంది. షుగర్ వల్ల మెల్లగా ముదిరిన కాలి పుండు, క్రమంగా దెబ్బతిన్న కిడ్నీలు కూడా ఇందులోకి రావు. మామూలు చెకప్పులు, రోజూ వేసుకునే మందుల ఖర్చు ఎలాగూ ఇవ్వరు.

వయసు పరిమితి మరో మెలిక. చాలా పాలసీల్లో 70 లేదా 80 ఏళ్లు దాటితే అక్యూట్ ఆన్‌సెట్ సదుపాయం తగ్గిపోతుంది, లేదా పూర్తిగా పోతుంది. గరిష్ఠ పరిమితి కూడా పడిపోతుంది. నాన్నకు 72, అమ్మకు 66 అయితే ఇద్దరికీ ఒకే పాలసీ సరిపోతుందని అనుకోవద్దు. ఒక్కొక్కరికి విడిగా చూడండి.

ప్రీమియం తగ్గుతుందని జబ్బులు దాచడం అన్నిటికంటే ప్రమాదం. క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీలు పాత వైద్య రికార్డులు అడుగుతాయి.

ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా?

భారతీయ కంపెనీల పాలసీని ప్రయాణానికి ముందే, రూపాయల్లో కొనాలి. సామాను పోవడం, విమానం ఆలస్యం వంటివి కూడా కలిసి ఉంటాయి. క్లెయిమ్ విషయంలో అన్యాయం జరిగిందనుకుంటే ఇక్కడి బీమా అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. హైదరాబాద్‌లోనూ ఆ కార్యాలయం ఉంది. అయితే వృద్ధుల విషయంలో గదికి, సర్జరీకి విడివిడి పరిమితులు పెట్టే పాలసీలు ఉంటాయి, చూసుకోవాలి.

అమెరికా పాలసీలను అక్కడికి చేరాక కూడా కొనొచ్చు. నెట్‌వర్క్ ఆసుపత్రి అయితే బిల్లు నేరుగా కంపెనీకే పంపే వీలుంటుంది. పిల్లలు ఉండే ఊళ్లో ఏ ఆసుపత్రులు నెట్‌వర్క్‌లో ఉన్నాయో ముందే చూడాలి. విమానం ఎక్కిన రోజు నుంచి తిరిగొచ్చే రోజు దాకా పాలసీ ఉండాలి. మధ్యలో ముగిసిపోయి కొత్తది తీసుకుంటే, మొదటి పాలసీ కాలంలో వచ్చిన జబ్బు రెండోదానికి 'పాత జబ్బు' అయిపోవచ్చు.

డబ్బు కట్టే ముందు అడగాల్సిన ప్రశ్నలు

• ఇది ఫిక్స్‌డా, కాంప్రహెన్సివా?
• ఈ వయసుకు గరిష్ఠ పరిమితి ఎంత? అక్యూట్ ఆన్‌సెట్‌కు విడిగా ఎంత?
• డిడక్టబుల్ పాలసీ మొత్తానికి ఒక్కసారా, ప్రతి జబ్బుకూనా?
• అత్యవసరంగా స్వదేశానికి తరలించాల్సి వస్తే ఖర్చు ఇస్తారా? మరణిస్తే భౌతికకాయాన్ని పంపే ఖర్చు మాటేమిటి?
• ఆసుపత్రిలో చేరే ముందు, లేదా చేరాక ఎన్ని గంటల్లో కంపెనీకి ఫోన్ చేయాలి?

సమాధానాలను ఏజెంటు నోటి మాటగా కాదు, పాలసీ పత్రంలో చూపించమనండి. తర్వాత బీమా కార్డు ఫొటో, కంపెనీ ఫోన్ నంబరు, వాడుతున్న మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి అమ్మ హ్యాండ్‌బ్యాగులో పెట్టండి. పిల్లలు ఆఫీసులో ఉన్నప్పుడు నాన్నకు ఛాతీలో నొప్పి వస్తే, అంబులెన్స్ వాళ్లకు ఆమె చూపించాల్సింది ఆ కాగితమే. ఒంట్లో నలతగా ఉంటే ఓర్చుకోవద్దని, ఆ రోజే చెప్పమని ఇద్దరికీ గట్టిగా చెప్పండి. 'మీకెందుకు ఖర్చు' అని వాళ్లు దాచే రెండు రోజుల్లోనే జబ్బు ముదరొచ్చు, బీమా కూడా చేజారిపోవచ్చు.