ఇంటిపేరు తాతల గుట్టు చెబుతుందా?

ఐర్లండు దేశంలో మెకాలిఫ్, మెక్‌మానస్, డాయిల్ అనే ఇంటిపేర్లు ఉన్నాయి. వీటిని కొంచెం విప్పి చూస్తే వెయ్యేళ్ళనాటి సముద్రయానాలు బయటపడతాయి. ఎలాగో చూద్దామా?

ఐరిష్ భాషలో 'మాక్' అంటే కొడుకు. 'ఓ' అంటే మనుమడు, లేదా వంశంవాడు. 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో మరణించిన బ్రియన్ బోరు రాజు వంశీయులు 'ఓబ్రయన్'లు అయ్యారు. 'ఫలానావాడి కొడుకు' అనే పిలుపే తరతరాలు నిలిచి ఇంటిపేరుగా స్థిరపడిందన్నమాట.

795లో వైకింగులు ఓడలలో వచ్చి ఐర్లండు తీరం మీద దాడులు మొదలుపెట్టారు. 841లో డబ్లిన్‌లో స్థావరం వేసుకున్నారు. కాలక్రమాన అక్కడే కాపురాలు పెట్టి, స్థానికులతో వియ్యమందారు. వారి పేర్లు కూడా ఐరిష్‌వారి నాలుకకు అలవాటయ్యాయి. ఓలాఫ్ కొడుకు మెకాలిఫ్. మాగ్నస్ కొడుకు మెక్‌మానస్. ఇక డాయిల్ అంటే 'నల్లని విదేశీయుడు' అని అర్థం.

అయితే మెక్‌మానస్‌లందరూ వైకింగుల సంతతేనా? తొందరపడకండి! 1156లో మరణించిన టర్లో ఓకానర్ అనే ఐరిష్ రాజు తన కొడుకుకు మాగ్నస్ అని పేరు పెట్టాడు. మెక్‌మానస్‌లలో ఒక శాఖ ఆ కొడుకు సంతతే. పేరు వైకింగులది, వంశం ఐర్లండుది!

మరి నిజం తేల్చడం ఎలా? మన కణాలలో క్రోమోజోములు ఉంటాయి. వాటిలో 'వై' క్రోమోజోము తండ్రి నుండి కొడుకుకు మాత్రమే వస్తుంది. ఐరిష్ ఇంటిపేరు నడిచే దారి కూడా అదే. అందుచేత డబ్లిన్ శాస్త్రజ్ఞులు వైకింగు మూలం గల ఇంటిపేర్లున్న పురుషుల వై క్రోమోజోములను పరిశీలించారు. 2006లో ఫలితాలు వెలువడ్డాయి. వైకింగుల జాడ వారిలో చాలా తక్కువగా కనబడింది!

కాని కథ అంతటితో ముగియలేదు. ఒక్క వై క్రోమోజోమునే కాక మొత్తం జన్యుపదార్థాన్ని పోల్చి చూసిన పరిశోధన 2017లో వెలువడింది. అందులో ఐర్లండు ప్రజలకు నార్వేవారితో పోలికలు కనిపించాయి. ఇంటిపేరులో దొరకనిది ఇక్కడెలా దొరికింది?

ఒక చిన్న లెక్క చేయండి. మీకు తల్లిదండ్రులు ఇద్దరు. వారి తల్లిదండ్రులు నలుగురు. ఆ పై తరంలో ఎనిమిది మంది. ఇలా రెట్టిస్తూ పోతే పదో తరంలో 1024 స్థానాలు వస్తాయి. తండ్రి నుండి తండ్రికి పోయే ఇంటిపేరు వాటిలో ఒక్క స్థానాన్నే చూపుతుంది. తక్కిన 1023 దారులలో అమ్మమ్మలు, నాయనమ్మలు, వారి పుట్టింటివారు ఉన్నారు. వైకింగుల వారసత్వం ఆ దారులలో ఏ దారినైనా వచ్చి ఉండవచ్చు.

కనుక పిల్లలూ, ఇంటిపేరు మంచి ఆధారమే కాని రుజువు కాదు. శాస్త్రజ్ఞుడు ఆధారం దొరికిన చోట ఆగిపోడు, దానిని పరీక్షించి చూస్తాడు.