ఖరగ్‌పూర్ కర్ర, కార్బన్ కర్ర

దేశ రాజధానిలో ఇండియా గేటుకు సమీపాన ధ్యాన్‌చంద్ పేరిట జాతీయ స్టేడియం ఉన్నది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని జాతీయ క్రీడా దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజున హాకీ మన జాతీయ క్రీడ అని ఉపన్యాసాలలో విరివిగా వినిపిస్తుంది. వాస్తవమేమంటే, ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని 2012లో కేంద్ర ప్రభుత్వమే సమాచార హక్కు చట్టం క్రింద సమాధానమిచ్చింది. ఈ బిరుదు మాట అటుంచి ఆలోచించవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది. హాకీ కర్ర నేడు ఎవరి చేతికి అందుతున్నది?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే ఢిల్లీని విడిచి ఖరగ్‌పూర్‌కు వెళ్లాలి. తెలుగువారికి ఈ ఊరు పరాయిది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కర్మాగారంలో పనికై ఉత్తరాంధ్ర నుండి వలస వెళ్లిన కుటుంబాలు అక్కడ తరతరాలుగా స్థిరపడి ఉన్నవి. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి నాయకత్వంలో 1927-28లో ఆ రైల్వే కార్మికులు సమ్మె చేశారు. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించడానికి కారణం కూడా ఖరగ్‌పూర్ తెలుగువారే.

ఆ ఊరికి హాకీ చరిత్రలోనూ ఒక స్థానమున్నది. అదే రైల్వే మార్గంలోని బిలాస్‌పూర్‌లో 1927లో జన్మించిన లెస్లీ క్లాడియస్ ఫుట్‌బాల్ ఆటగాడిగా ఖరగ్‌పూర్ చేరాడు. 1946లో ఒకనాడు రైల్వే హాకీ జట్ల సాధన ఆటకు ఒక మనిషి తక్కువయ్యాడు. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులోని డికీ కార్, ప్రక్కన ఉన్న ఈ యువకుణ్ణి ఆడమన్నాడు. రెండేళ్లు తిరిగేసరికి క్లాడియస్ లండన్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. 1948, 1952, 1956లలో స్వర్ణాలు, 1960లో నాయకుడిగా రజతం సాధించాడు. 2012 లండన్ ఒలింపిక్స్ సందర్భంగా అక్కడి భూగర్భ రైల్వే స్టేషన్లకు క్రీడాకారుల పేర్లు పెట్టి వేసిన ప్రత్యేక పటంలో ఆయన పేరూ చేరింది. ఆ ఏడాది డిసెంబరులోనే కోల్‌కతాలో కన్నుమూశాడు.

అనుకోకుండా చేతికి వచ్చిన కర్రతో ఒకడు అంత ఎత్తుకు ఎదగడం ఎట్లా సాధ్యమైంది? అతని ప్రతిభను ఎవరూ కాదనరు. అయితే నౌకరీ, మైదానం, గురువు, కర్ర ఈ నాలుగూ ఒకే ఆవరణలో ఉండడం కూడా అందుకు కారణమే. పైగా ఆనాటి కర్ర సామాన్యుడిది. అది మన పట్టుపురుగులు మేసే మల్బరీ చెట్టు జాతి కలప. దాని పిడిలో బెత్తాన్ని అతికి, నడుమ రబ్బరు పొరలుంచేవారు. బంతి తగిలిన అదురు చేతికి ఎక్కకుండా ఆ రబ్బరే మింగివేసేది. ఐరోపావారి కర్రలు ఏష్ కలపతో, పొడుగాటి కొనతో ఉండేవి. మల్బరీని ఆవిరిలో ఉడికించి ఇరుకుగా వంచవచ్చును. అందువల్లనే మన కర్రకు పొట్టి కొన వచ్చింది. హాకీ కర్రకు ఎడమవైపు మాత్రమే చదునుగా ఉంటుంది. బంతిని ఆ ముఖంతోనే ఆడాలి. కనుక కర్రను క్షణంలో తిప్పగలవాడే మొనగాడు. ప్రపంచం ముక్కున వేలు వేసుకున్న మన డ్రిబ్లింగ్ వెనుక ఈ వడ్రంగం కూడా ఉన్నది.

అటువంటి కర్రను ఎంచుకొనడం ఒక విద్య. కలప నారలు పిడి నుండి వంపు వరకు తెగకుండా, దగ్గర దగ్గరగా సాగినవా అని చూసేవారు. నార అడ్డం తిరిగిన చోటనే కర్ర చీలుతుంది. నేలకు తట్టి మోత వినేవారు. చేయి చాపి బరువు ఎటు లాగుతున్నదో చూసేవారు. కొన్న తరువాత అవిసె నూనె పట్టించి, అరిగేచోట పట్టీ చుట్టి కాపాడుకొనేవారు. సియాల్‌కోట్ పనివారు దేశ విభజన తరువాత జలంధర్, మీరట్‌లకు తరలి వచ్చి ఈ పరిశ్రమను ఇక్కడ నిలబెట్టారు.

1975లో కౌలాలంపూర్‌లో ప్రపంచకప్పు గెలిచిన మనం, మరుసటి ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఏడవ స్థానానికి దిగజారాము. ఒలింపిక్స్‌లో కృత్రిమ పచ్చిక పరచినది అప్పుడే. 1982 ఆసియా క్రీడల ఫైనల్లో ఇదే ఢిల్లీ స్టేడియంలో పాకిస్తాన్ చేతిలో 1-7 తేడాతో ఓడిపోయాము. తడిపిన కృత్రిమ పచ్చికపై బంతి వేగం పెరిగింది. నీటికి కలప ఉబ్బసాగింది. 1990ల నుండి గాజుపీచు, కార్బన్, అరమిడ్ కలిపిన కర్రలు రంగప్రవేశం చేసినవి. ఇప్పటి నియమాల ప్రకారం కర్ర 737 గ్రాములు మించరాదు, 51 మిల్లీమీటర్ల వలయంలో నుండి దూరి రావాలి, లోహం తప్ప ఏ పదార్థమైనా కావచ్చును.

కార్బన్ పాలు పెరిగిన కొద్దీ కర్ర బిగువెక్కుతుంది, దెబ్బ దూరం పోతుంది. కాని బంతిని ఆపబోతే ఎగిరి పడుతుంది, ప్రత్యర్థి కర్ర అంచుకు తగిలితే పగలనూ పగులుతుంది. గాజుపీచు మెత్తదనాన్ని, మన్నికను ఇస్తుంది. అరమిడ్ అదురును తగ్గిస్తుంది. కనుక నేర్చుకొనే పిల్లవానికి ఖరీదైన కార్బన్ కర్ర కొనిపెట్టడం మేలు చేయదు. బంతి తన మాట వినే కర్రతో మొదలుపెట్టి, బలం, ఒడుపు వచ్చిన తరువాత బిగువు పెంచుకోవాలి.

ఈ సలహా కొనగలిగినవారికి పనికివస్తుంది. కొనలేనివాని సంగతేమిటి? మేలురకం కర్ర వేల రూపాయలు. పచ్చిక మైదానానికి కోట్లు కావాలి, దానిపై చల్లడానికి నీరూ కావాలి. మట్టి మైదానంలో కలప కర్రతో నేర్చిన బాలుడు పట్టణానికి వచ్చి మరో ఆటను మొదటి నుండి నేర్చుకోవలసి వస్తున్నది. 41 ఏళ్ల నిరీక్షణ తరువాత టోక్యోలోనూ, తిరిగి 2024లో పారిస్‌లోనూ కాంస్యాలు వచ్చాయి. సంతోషమే. కాని పతకం తెచ్చినవారికి నజరానాలు ప్రకటించడం వేరు, పతకం తేగల బాలునికి పదవ ఏట కర్ర అందించడం వేరు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ రెండవ పనిని ఏ పథకం పేరూ లేకుండానే చేసింది.

మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. మల్బరీకి ఈ సామెత వర్తించదు. అది మానై కూడా, ఆవిరి తగిలితే వంగుతుంది. మనిషి మణికట్టు అట్లా కాదు. దానిని వంచవలసినది చిన్ననాడే.